నా ఆరు సైకిళ్ళు ఎవరెవరికి ఇచ్చాను

ఈ మధ్య బందరు ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు అక్కడే ఉన్న మా ఇంటికొచ్చారు. "అమ్మగారూ, మీ రోజుల్లో ఈ పని ఎలా ఉండేదండీ?" అని అడిగారు. అప్పుడు నేను వరండాలో పీట వేసుకుని సైకిలు చైను కిరసనాయిల్లో కడుగుతున్నాను. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆ చేతులు చూసి ఒక పిల్ల నవ్వాపుకోలేకపోయింది. "ముందు ఈ సైకిళ్ళు పంచడం కానివ్వండమ్మా, తరవాత తీరిగ్గా రాసిస్తాను" అన్నాను. పంచడం అయిపోయింది. మాట ప్రకారం రాస్తున్నాను.

ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, జీతం ఎప్పుడు పెరిగిందో రాయను. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నాకు పని నేర్పిన మనుషుల్ని గురించి రాస్తాను. నాకు వాళ్ళు సైకిళ్ళతో పాటే గుర్తొస్తారు. అందుకని ఇది కొంచెం సైకిళ్ళ కథలాగా కూడా ఉంటుంది. ఏమీ అనుకోకండి.

వరండా ఖాళీ చెయ్యాల్సొచ్చింది

నా పేరు ఎస్తేరు. దివిసీమలో నన్ను సైకిలు నర్సమ్మ అంటారు. మా నాన్న కోడూరు దగ్గర ఒక ఆసామి కింద పాలేరు. పెళ్ళయిన ఏడాదికే మా ఆయన కలరాతో పోయాడు. పిల్లలు లేరు. మా పేటలో బైబిలు చెప్పే అమ్మ ఒకావిడ నన్ను బందరు తీసుకొచ్చి మిషన్ ఆసుపత్రిలో చేర్పించింది. అక్కడ పని నేర్చుకుని, మళ్ళీ మా దివిసీమ ఊళ్ళకే వెళ్ళి పురుళ్ళు పోశాను. మొదటి పెద్ద యుద్ధం ముందు మొదలుపెట్టి, ఈ రెండో యుద్ధం అయ్యేదాకా అదే పని.

పని మానేసేనాటికి నా దగ్గర ఆరు సైకిళ్ళున్నాయి. రెండు నేను కొన్నవి, రెండు ఒకరిచ్చినవి, ఒకటి ముక్కలు ముక్కలుగా పోగుచేసి కట్టించింది, ఒకటి ఉప్పునీళ్ళలో మునిగి తేలింది. ఒక్కటీ అమ్మలేదు. "ఇన్నెందుకమ్మా నీకు?" అని అడగనివాళ్ళు లేరు. పెట్టెనిండా నగలు దాచుకున్న ఆడదాన్ని ఎవరూ ఆ మాట అడగరు. నాకు నగల మీద ఆశ లేదు. సైకిలు మాత్రం ఒక్కసారి తొక్కానంటే ఇక నా చెయ్యి దాటేది కాదు.

ఇప్పుడు ఒంట్లో ఓపిక తగ్గింది. గుడివాడలో బడిపంతులమ్మగా ఉన్న మా చెల్లెలి కూతురు సుగుణ నన్ను తనతో వచ్చి ఉండమంది. దానిది రెండు గదుల అద్దె ఇల్లు. సామాను చూడ్డానికి వచ్చి, వరండాలో వరసగా నిలబెట్టిన సైకిళ్ళ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పెద్దమ్మా, నీకు మంచం వేస్తాను, నీ పెట్టె పెడతాను, నీ కుర్చీ కూడా పెడతాను. సైకిలు మాత్రం ఒక్కటే. అది కూడా వంటింటి పక్క సందులో."

"ఒక్కటేనా?"

"రెండో దాన్ని తెస్తే నేను బయట పడుకోవాలి."

అది నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

దొరసానిగారి సైకిలు

అన్నిటికంటే పాతది నల్లది. ఆడవాళ్ళ సైకిలు. చీర చక్రంలో పడకుండా వెనక చక్రానికి రెండు వైపులా సన్నటి దారపు వల అల్లి ఉంటుంది. అది మా పెద్ద డాక్టరు దొరసానిగారిది. సీమ నుంచి ఓడలో తెచ్చుకున్నారు.

ఆవిడ చేతిలో చాలా నైపుణ్యం ఉండేది. కోపం కూడా అంతే ఉండేది. తెలుగు ఎవరో శాస్త్రులుగారి దగ్గర పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నారు. అందుకని మనం మాట్లాడేట్టు మాట్లాడేవారు కాదు. పాలు తెచ్చే మనిషితో కూడా "ఈ క్షీరమునందు జలమేల కలిపితివి?" అనేవారు. ఆ మనిషికి తిట్టారో మెచ్చుకున్నారో అర్థమయ్యేది కాదు.

ఆవిడకొక పట్టుదల. కష్టమైన కాన్పులన్నీ ఆసుపత్రికే రావాలి, పల్లెల్లో మట్టిగదుల్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. శుభ్రత సంగతి చూస్తే ఆవిడ మాట నిజమే. కానీ ఆవిడకి దివిసీమ దారి తెలియదు. రావాలంటే మంచం మీద మోసుకుని కాలవగట్లు దాటాలి. పులిగడ్డ రేవులో పడవ దొరకాలి. అక్కడి నుంచి మళ్ళీ బండి. వానాకాలం రేగడిలో ఎద్దులే దిగబడిపోయేవి.

ఒకసారి నాగాయలంక వైపు నుంచి ఒక అమ్మాయిని అలాగే మోసుకొచ్చారు. తొలిచూలు. బిడ్డ అడ్డం తిరిగింది. రేవులో ఎదురుగాలి వల్ల పడవ దాటలేదు. గాలి తగ్గి పడవ కదిలేసరికి ఆ అమ్మాయి ఒడ్డునే పోయింది. వాళ్ళు వెనక్కి వెళ్ళకుండా అలాగే బందరు తీసుకొచ్చారు. ఎందుకు తెచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. తీసుకురమ్మన్నారు కాబట్టి తెచ్చారేమో. దొరసానిగారు మెట్లు దిగి వచ్చి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల మొహం మీద గుడ్డ తీసి చూశారు. ఆ పిల్ల తండ్రి చేతులు కట్టుకుని, "తెచ్చామమ్మా" అన్నాడు. తిట్టనూ లేదు, ఏడవనూ లేదు. ఆ ఒక్క మాటే.

మర్నాడు ఆవిడ మా అందర్నీ పిలిచి నిలబెట్టి, "దోషము నాదియే" అన్నారు. ఆ పుస్తకాల తెలుగుకి ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

తరవాత నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి ఈ సైకిలు చూపించి, "ఎస్తేరూ, నీవు దీనిని అధిరోహింపవలెను" అన్నారు.

"అమ్మో, నా వల్ల కాదండీ. జనం చూస్తే నవ్వుతారు."

"నవ్వనిమ్ము. ఆ బాలిక వలె మరియొకతె రేవున పడియుండరాదు."

ఆసుపత్రి గోడల లోపలే నేర్పారు. చీర కుచ్చెళ్ళు పైకి దోపి పిన్నులు పెట్టుకోవడం, సంచి హ్యాండిలుకి ఎలా కట్టాలో, గట్టు మీద చక్రం జారితే కాలవ వైపు కాకుండా చేను వైపు ఎలా పడాలో, అన్నీ. నేను పడ్డప్పుడల్లా "మరల" అనేవారు. ఆ ఒక్క మాటే.

పై అధికారి ఎలాంటివాళ్ళయితే మంచిదని మీరు నన్నడిగితే, తప్పు చెయ్యని వాళ్ళ కోసం వెతక్కండి. అలాంటివాళ్ళు లేరు. తప్పు చేసినప్పుడు పదిమంది ముందు చెప్పి, దాన్ని దిద్దుకునే దారి వెతికేవాళ్ళు దొరికితే వాళ్ళ దగ్గరే ఉండండి. దొరసానిగారు పని మాని స్వదేశం వెళ్ళిపోతూ ఆ నల్ల సైకిలు నాకిచ్చి వెళ్ళారు.

నాంచారమ్మ పళ్ళెంలో నీళ్ళు

సైకిలు మీద ఊళ్ళోకి రాగానే జనం హారతులిచ్చారనుకోకండి. ముందు నవ్వారు. తరవాత భయపడ్డారు. కోడూరు చుట్టుపక్కల పురుళ్ళన్నీ నాంచారమ్మ అనే మంత్రసాని చేతి మీదుగా జరిగేవి. వాళ్ళమ్మ, వాళ్ళ అమ్మమ్మ కూడా ఆ పనే. నేను రావడం మొదలుపెట్టగానే, "ఆ నర్సు కత్తెర ఇనపది, బొడ్డు కోస్తే బిడ్డకి ఆయుష్షు తగ్గుతుంది" అని ఇంటింటికీ చెప్పింది.

ఒక రోజు ఆ ఊరి గట్టు మీద నా వెనక చక్రం ఉస్సుమంది. దిగి చూస్తే దారి మీద తుమ్మముళ్ళు. చెట్టు చూస్తే ఎక్కడో దూరంగా ఉంది. నేను సైకిలు నడిపించుకుంటూ తిన్నగా నాంచారమ్మ ఇంటికే వెళ్ళాను. అది వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది.

"పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసివ్వు నాంచారమ్మా."

"ఎందుకు?"

"చిల్లు ఎక్కడుందో చూసుకోవాలి."

ఏమనుకుందో, ఇచ్చింది. నేను ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి తిప్పాను. ఒకచోట బుడగలు వచ్చాయి. అది చేట పక్కన పెట్టి దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఊపిరి తీస్తందే!"

"తీస్తుంది. నువ్వు పొడిచిన చోట తీస్తుంది."

"నేనెందుకు పొడుస్తాను? గాలికి పడుంటాయి ముళ్ళు."

"వరసగానా?"

అది నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది. తరవాత నవ్వాపి, "నీకు ఆసుపత్రి వాళ్ళు జీతమిస్తారు. నాకు పురిటింటి వాళ్ళు కుంచెడు ధాన్యం, ఒక చీర పెడతారు. నువ్వొచ్చి అదీ లాక్కుంటే నా ఇంట్లో పొయ్యి వెలగదు" అంది.

నాకప్పటిదాకా ఆ సంగతి తట్టలేదు. మా ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు కూడా. అక్కడ అందరూ మంత్రసానుల అజ్ఞానం గురించి చెప్పేవారే గాని, వాళ్ళ పొయ్యి గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. అక్కడికక్కడే ఒక ఒప్పందం చేసుకున్నాం. పిలుపు దానికే వస్తుంది. అది నాకు కబురు పంపుతుంది. చేతులు కడుక్కోవడం, కాచిన కత్తెరతో బొడ్డు కొయ్యడం నా పని. ధాన్యం, చీర, పేరు అన్నీ దానివి. నేను ఏ ఇంట్లోనూ గింజ ముట్టను.

తరవాత నాకు గట్టి క్యారియరు ఉన్న మగవాళ్ళ సైకిలు అవసరమై కొన్నాను. నాంచారమ్మని వెనక ఎక్కించుకోవడానికి. మొదటిరోజు కళ్ళు గట్టిగా మూసుకుని, నా నడుం వాటేసుకుని, గట్టు పొడుగునా తన పేరుగల అమ్మవారిని పిలుస్తూనే ఉంది. చేలో కలుపు తీసే ఆడవాళ్ళు పనాపి నిలబడ్డారు. వారం తిరక్కుండా అదే వెనక కూర్చుని ఆకు వక్క వేసుకుంటూ, "కొంచెం తొందరగా తొక్కవే, నీరసంగా ఉన్నావేం" అనేది.

మేమిద్దరం కలిసి చేసిన పురుళ్ళలో అన్నీ మంచిగా జరగలేదు. ఒక చేపల వాళ్ళింట్లో బిడ్డ ఎదురుకాళ్ళతో వచ్చి, బయటపడేసరికే పోయింది. తల్లి బతికింది. నేను చెయ్యాల్సింది చేసి, చేతులు కడుక్కుని, సంచి సర్దుకుంటున్నాను. ఇంకో ఊరి నుంచి కబురుంది, కానీ అక్కడ ఇంకా నొప్పులు మొదలవలేదు. నాంచారమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది.

"బిడ్డ పోయిన ఇంట్లోంచి గబగబా సైకిలెక్కి పోతావా? కూర్చో."

కూర్చున్నాను. అది ఆ తల్లి తల ఒళ్ళో పెట్టుకుంది.  బయట వలలు ఆరేసిన చోట కాకులు అరుస్తున్నాయి. చాలాసేపటికి ఆ తల్లి, "మగపిల్లాడా?" అని అడిగింది. "అవునమ్మా, వాళ్ళ నాన్న పోలికే" అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు రావడం కోసమే మేము కూర్చున్నామని నాకప్పుడు తెలిసింది.

నాంచారమ్మ పోయి కొన్నేళ్ళయింది. దాని మనవడు పాలకాయతిప్ప నుంచి చేపలు తెచ్చి ఊళ్ళ వెంట అమ్ముకుంటాడు. క్యారియరు సైకిలు వాడికి ఇచ్చాను. ఇప్పుడు దానికి బుట్ట కట్టాడు. వాడు పట్టుకెళ్ళిన నాలుగు రోజులకే చేపల వాసన కొడుతోందని సుగుణ ముక్కు మూసుకుంది. నాకు సంతోషమే. పనిలో ఉంది కదా.

దిగి నడిచే వీధి

ఈ సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తాను. మీలో కొందరికి ఇది ఎదురవుతుంది.

దివిసీమలో మేము ఏ పేటవాళ్ళమో అందరికీ తెలుసు. ఒక ఊళ్ళో, పేరెందుకు, మునసబుగారి వీధి మొదట్లోకి రాగానే నేను సైకిలు దిగాలి. దిగి, పక్కన పెట్టి తోసుకుంటూ నడవాలి. మా వాళ్ళు చెప్పులు కూడా చేత్తో పట్టుకుని నడిచే వీధి అది. పురుడు పోసి నేను బయటికి రాగానే నేను నిలబడ్డ చోటంతా పేడనీళ్ళు చల్లేవారు. బిడ్డని నా చేతుల్లోంచే అందుకునేవారు. అది మాత్రం అంటు కాదు.

దొరసానిగారికి తెలిసి మండిపడ్డారు. పై అధికార్లకి రాస్తానన్నారు. నేను వద్దన్నాను. రాస్తే నన్ను ఆ ఊరికి పిలవరు. పిలవకపోతే నష్టం మునసబుగారికి కాదు, ఆ వీధిలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి. నన్ను పిరికిదన్నా అనండి. నేను దిగి నడిచాను. నడుస్తున్నంతసేపూ నా మొహం మండిపోయేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మునసబుగారి కోడలికి కాన్పయిందని, కాన్పయ్యాక రక్తం ఆగడం లేదని గట్టు మీద బండివాడు ఎదురొచ్చి చెప్పాడు. ప్రాణం పెట్టి తొక్కాను. వీధి మొదట్లోకి రాగానే కాళ్ళు వాటంతట అవే దిగాయి. అలవాటు. సైకిలు తోసుకుంటూ పరుగులాంటి నడక నడుస్తున్నాను. ఆయన వీధి చివర అరుగు మీద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు.

"దిగుతావేమిటమ్మా! ఎక్కు! ఎక్కి రా!"

వీధంతా విన్నారు. ఎక్కి వెళ్ళాను.

కోడలు బతికింది. పొత్తికడుపు పిడికిలితో నొక్కిపట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. రక్తం ఆగింది. చీకటి పడకముందే బయటికొచ్చి, సైకిలు పట్టుకుని, మెట్ల కింద నిలబడి అడిగాను.

"అయ్యగారూ, మళ్ళీ వచ్చినప్పుడు ఎక్కి రానాండీ, దిగి రానాండీ?"

ఆయన పైపంచె సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మరుసటిసారి నేను దిగలేదు.  ఆయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆయన ఇవ్వగలిగిన సెలవు అంతే. నేను ఆ సెలవు తీసుకున్నాను. ఆ తరవాత ఇంకెప్పుడూ దిగలేదు.

చాలా ఏళ్ళకి ఆయన తన సైకిలు ఒకటి బండిలో వేయించి నాకు పంపాడు. "కొట్టంలో పడి తుప్పు పడుతోంది, పనికొస్తే వాడుకోమను" అని బండివాడితో చెప్పించాడట. తుప్పు ఎక్కడా లేదు. ముందురోజే నూనె రాయించినట్టున్నారు, చేతికంటుకుంది. పెద్దరికం ఉన్నవాళ్ళు మనసు మార్చుకున్నా ఆ మాట నోటితో చెప్పరు. పెద్దాయన చేసింది నాకు నచ్చింది. ముందు చేసింది మరచిపోలేదు. రెండూ ఉంటాయి.

ఆ సైకిలు మా పేట బడిలో చదువు చెప్పే ఏసుదాసు మాస్టారికి ఇచ్చాను. ఆయన రోజూ ఆ వీధి మీదుగానే వెళ్ళి రావాలి. ఇప్పుడు ఎవరూ దిగమనడం లేదట.

గుడివాడ వ్యాపారి

యుద్ధం మొదలైన దగ్గర్నుంచి టైర్లకీ ట్యూబులకీ కరువొచ్చింది. నా సైకిళ్ళ సంగతి ఎలా తెలిసిందో, గుడివాడ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. వరండాలో అటూ ఇటూ తిరిగి, ఒక్కొక్క చక్రం చేత్తో తిప్పి చూశాడు.

"మొత్తం ఒకే బేరం నర్సమ్మగారూ. అన్నీ తీసుకుంటాను."

"తీసుకుని?"

"విప్పేస్తానండి. చక్రాలు ఒకరికి, చైను ఒకరికి, సీటు ఒకరికి. పూర్తి సైకిలు కంటే ముక్కలకే గిరాకీ ఎక్కువ."

మంచి ధరే చెప్పాడు. నా చేతిలో పెద్దగా సొమ్ము లేదు కూడా. కానీ దొరసానిగారి సైకిలు చైను ఒకచోట, చక్రం ఒకచోట తిరుగుతుందంటే నాకు మనసొప్పలేదు. ఆలోచించి, అతనికి రెండు ఇచ్చాను. ఒకటి ముక్కలు పోగేసి కట్టించింది. ముక్కలుగా వచ్చింది, ముక్కలుగానే పోవడం న్యాయం. రెండోది ఒక తుఫానుకి తాడిచెట్టుకి కట్టేసి నేను ఇంటి కప్పు మీదికెక్కితే, నీళ్ళు తీశాక ఎక్కడో వరిచేలో దొరికింది. ఉప్పు తినేసి, పట్టుకుంటే పొడి రాలుతుంది. నా ప్రాణం దక్కినందుకు గుర్తుగా దాచాను. గుర్తు కోసం ఇనుము అక్కర్లేదని ఇప్పుడు అనిపించింది.

పచ్చరంగుది కొత్తది. ఈ పదేళ్ళూ దాని మీదే తిరిగాను. అది నాతో గుడివాడ వచ్చింది. వంటింటి పక్క సందులో ఉంది. పొద్దున కూరగాయలకి వెళ్ళొస్తాను.

ఇక మిగిలింది నల్లది.

పంతులుగారు

కోడూరులో కొత్తగా పెట్టిన ప్రసూతి కేంద్రానికి సరస్వతి అనే అమ్మాయిని వేశారు. గుడివాడలో పనిచేసి మానుకున్న ఒక బడిపంతులుగారి కూతురు. బ్రాహ్మలు. ఊహ తెలియకముందే పెళ్ళి, కాపురానికి వెళ్ళకముందే వైధవ్యం. తండ్రి అయినవాళ్ళందరినీ కాదని చదివించి, బందరు పంపి నర్సు పని నేర్పించాడు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఎండనపడి వచ్చింది. నేను నీళ్ళు ఇవ్వడానికి సందేహిస్తుంటే తనే, "అమ్మగారూ, కాసిని మంచినీళ్ళిస్తారా?" అని అడిగి గటగటా తాగేసింది. ఆ పిల్ల ఎలాంటిదో నాకు అప్పుడే తెలిసింది.

ఆ అమ్మాయికి ఆసుపత్రి ఆవరణలోనే సైకిలు నేర్పాను. పడింది, లేచింది. మోచెయ్యి గీరుకుపోతే చూసుకుని నవ్వింది. నల్ల సైకిలు నీదే అన్నాను. ఆ పిల్ల కోడూరు వెళ్ళి పనిలో చేరింది. ఎవరినైనా పంపి సైకిలు తెప్పించుకుంటానంది.

వచ్చింది వాళ్ళ నాన్నగారు. బక్కపలచటి మనిషి. చేతిలో గొడుగు. వరండా అంచున కూర్చున్నారు. నేను నీళ్ళు ఇవ్వలేదు, ఆయన అడగలేదు. కాసేపు సైకిలు వంక చూశారు.

"అమ్మా, నేను దీన్ని తీసుకెళ్ళడానికి రాలేదు. మా అమ్మాయికి వద్దని చెప్పడానికి వచ్చాను. మీరు పెద్దమనసుతో ఇచ్చారు. కాదనడానికి నాకు సిగ్గుగా ఉంది."

"ఎందుకు వద్దండీ?"

"చదివించినప్పుడు అన్నారు. నర్సు పనికి పంపినప్పుడు అన్నారు. మా తమ్ముడు మా గుమ్మం తొక్కడం మానేశాడు. అన్నీ పడ్డాను. విధవపిల్ల సైకిలు తొక్కుతోందట అని బజార్లో నవ్వుతుంటే వినే ఓపిక ఇంక నాకు లేదమ్మా."

ఆయన మాటలో అహంకారం లేదు. నిజంగానే అలిసిపోయారు. నాకు ఎదురు చెప్పాలనిపించలేదు. పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. దాచకుండా చెప్పండి" అన్నారు. "మిమ్మల్ని ఎవరైనా రాళ్ళతో కొట్టారా?"

"కొట్టారండి. ఒకసారి."

ఆయన ఉలిక్కిపడ్డారు. లేదంటాననుకున్నట్టున్నారు.

"మరి?"

"మరేముందండి. భుజం మీద తగిలింది. కట్టు కట్టుకుని వెళ్ళాను. అవతల పురుటినొప్పులు పడేదానికి నా భుజంతో పనేముంది?"

"నవ్వేవాళ్ళు?"

"నవ్వుతూనే ఉన్నారండి. నవ్విన నాపచేనే పండుతుందని మీకు నేను చెప్పాలా, పిల్లలకి మీరే చెప్పుంటారు."

ఆయన గొడుగు కర్ర రెండు అరచేతుల మధ్యా తిప్పుతూ కూర్చున్నారు.

"మీ అమ్మాయి సైకిలు లేకుండానూ వెళ్తుంది పంతులుగారూ" అన్నాను. "ఆ పిల్ల ఆగే రకం కాదు. నడిచి వెళ్తుంది. బురదలో, ఎండలో. వెళ్ళేసరికి ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే ఏమవుతుందో నేను చూశాను. మీ అమ్మాయి కూడా చూస్తుంది. చూశాక ఆ సంగతి మీతో చెప్పదు. మనసులోనే పెట్టుకుంటుంది. నవ్వు కంటే అది బరువండి."

ఆయన లేచి సైకిలు దగ్గరికి వెళ్ళారు. వెనక చక్రానికున్న దారపు వల వేళ్ళతో తడిమి చూశారు.

"గట్టు మీంచి పడితే?"

"పడుతుందండి. నేనూ పడ్డాను. కాలవ మొలలోతే. చీర తడుస్తుంది."

మొట్టమొదటిసారి ఆయన మొహంలో కొంచెం నవ్వులాంటిది కనపడింది. మళ్ళీ దాన్ని దాచుకుని, వంగి చైను వంక చూస్తూ, "దీనికి నూనె ఎక్కడెక్కడ వెయ్యాలో చూపించండి. దానికి ఇలాంటివి గుర్తుండవు" అన్నారు.

చూపించాను. ఒక్కొక్క చోటూ వేలుపెట్టి, బళ్ళో పాఠం అప్పజెప్పించుకున్నట్టు మళ్ళీ నాకు చెప్పారు. నూనె డబ్బా గుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నారు.

పులిగడ్డ వైపు వెళ్ళే బస్సు ఎక్కించడానికి నేనూ వెంట వెళ్ళాను. ఆయనకి సైకిలు తొయ్యడం అలవాటు లేదు. కొత్త దూడని పట్టుకున్నట్టు హ్యాండిలు పట్టుకుని, అది ఎటు లాగితే అటు నడిచారు. పెడలు మోకాలి చిప్పకి తగులుతూనే ఉంది. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. బజారు మొత్తం చూసింది.

బస్సు దగ్గర జనం ఉన్నారు. పైన సామాను కట్టే కుర్రాడు వంగి చూసి, పక్కవాళ్ళకి వినపడేట్టు కేకేశాడు.

"పంతులుగారూ, ఇది ఆడవాళ్ళ సైకిలండీ! తమరు తొక్కుతారా?"

జనం ఘొల్లుమన్నారు. నేను ఆయన వంక చూడలేకపోయాను. ఇక సైకిలు నా చేతికిచ్చి, తను ఒక్కడే బస్సెక్కేస్తారనుకున్నాను.

ఆయన గొడుగు చంకలో సర్దుకుని, తల పైకెత్తి, తరగతి చివరి బల్లకి కూడా వినపడే గొంతుతో అన్నారు.

"కాదు నాయనా, మా అమ్మాయిది. కోడూరులో నర్సు. దీని మీద ఊళ్ళు తిరుగుతుంది. జాగ్రత్తగా కట్టు, వల తెగుతుంది."